అరువు గొంతు

ఫిబ్రవరి 9

అక్కా,

ఉత్తరం చూడగానే ఎవరికో ఏదో అయిందని కంగారు పడకు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనొక్కడినే అనుకో. ఫోన్ చేసి ఏడవచ్చుగా అని బావ అంటాడని తెలుసు. ఫోన్లో నా సంగతి ఆయన ఎరగంది కాదు. నేను హలో అనేలోపు అవతలివాళ్ళు పెట్టేస్తారు. కాగితం మీదైతే నాకు నత్తి లేదు.

నువ్వు ఈ షాపు ఎప్పుడూ చూడలేదు కదా. ముందు భాగమంతా అద్దాలు, లైట్లు, కళ్ళజోళ్ళ ఫ్రేముల అరలు. వెనక నా గది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. అరగదీసే మిషను, దాని పక్కన నీళ్ళ బకెట్, ఒక స్టూలు. డాక్టరు రాసిన నంబరుకి లెన్స్ తయారై వస్తుంది. దాని అంచులు ఫ్రేముకి సరిపడా అరగదీసి కూర్చోబెట్టడం నా పని. రోజుకి పదిహేను జతలు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాలుగేళ్ళుగా ఇక్కడే అతుక్కుపోయానంటే అందుకే.

అసలు సంగతికి వస్తాను. కిందటి నెల ఒక టీవీ ఛానల్ వాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. చిన్నప్పుడు సినిమాల్లో వేసి తర్వాత కనబడకుండా పోయినవాళ్ళని పిలిచి ప్రోగ్రాం చేస్తున్నారట. నేను తల అడ్డంగా ఊపాను. మా ఓనరు నిలువుగా ఊపాడు. తన షాపు వెనక గదిలో సైకిల్ బుడ్డోడు కూర్చున్నాడని ఆయనకి ఆ రోజు దాకా తెలీదు. అప్పట్నుంచీ వచ్చిన ప్రతివాడినీ నా గదిలోకి తీసుకొచ్చి చూపిస్తున్నాడు. నేను బకెట్ పక్కన బొమ్మలా నవ్వుతున్నాను.

నేను ఊరికే కూర్చుంటాను, యాంకరే మాట్లాడాలి అని కాగితం మీద రాసిచ్చాను. సరేనన్నారు. నీ ఇనప్పెట్టెలో ఆ సైకిల్ సినిమా ఫోటోలు ఉండాలి. వీలైతే పంపు. నా దగ్గర ఒక్కటి కూడా లేదు, ఉంచుకోలేదు.

నా మేనకోడలికి పరీక్షలు దగ్గరపడ్డాయేమో. మామయ్య అడిగాడని చెప్పు.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 20

ఒరేయ్ తమ్ముడూ,

ఏడాదికి ఒక ఉత్తరం రాస్తావు, అదీ ఫోటోల కోసం. బాగుంది. ఏడు దొరికాయి, అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. సైకిల్ మీద నువ్వున్నది మాత్రం మడత పడింది. ఇందులో ఒకదాంట్లో నాన్న కూడా ఉన్నాడు, నీ చొక్కా చేతులు వదులయ్యాయని సెట్లోనే సూది దారం పట్టుకుని. నువ్వు కెమెరా వైపు చూస్తున్నావు, నాన్న చొక్కా వైపు చూస్తున్నాడు.

మా స్కూల్ ఆఫీసులో పని ఎప్పటిలాగే ఉంది. రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. గుమాస్తాలం ముగ్గురం, కంప్యూటర్ ఒకటి. ఎవరు ముందొస్తే వాళ్ళది కుర్చీ. అందుకని తెల్లారకముందే వంట కానిచ్చి పరుగెడుతున్నాను. నీ మేనకోడలు చదవడం లేదు. పుస్తకం తెరిచి పెడుతుంది, అంతే. నీ పోలికే.

ప్రోగ్రాం సంగతి చదివి నా మనసు ఏమీ బాగాలేదు. ఎందుకురా నీకు? వాళ్ళు పిలిచేది నిన్ను చూడ్డానికి కాదు, ఆ పిల్లాడిని చూడ్డానికి. కాగితం మీద సరేనన్నా, తీరా కూర్చున్నాక సైకిల్ మీంచి పడ్డ సీన్లో మాట చెప్పమంటారు. "నేను పడలేదు నాన్నా, దిగాను." జనానికి ఆ ఒక్క మాటే గుర్తు. చూస్తూ ఉండు, అదే అడుగుతారు.

ఎవరెంత బతిమాలినా ఆ మాట మాత్రం నువ్వు చెప్పకు. అది నీది కాదు. నీ నెత్తిన వేసుకోకు.

వెళ్ళకుండా ఉంటే ఇంకా సంతోషిస్తాను. చెప్పినా వినవని తెలుసు.

అక్క

*

మార్చి 14

అక్కకి,

ఫోటోలు అందాయి. మడత పడిందే వాళ్ళకి నచ్చింది. పాతది అన్నట్టు కనబడుతుందట.

ప్రోగ్రాం అయిపోయింది, టీవీలో వచ్చేసింది కూడా. నువ్వు చూశావో లేదో. చూడకపోతే నేనే చెబుతాను.

మేకప్ గదిలో ఒక కుర్రవాడు నా మొహానికి పౌడర్ రాస్తూ, మీరు అసలు మారలేదు సార్ అన్నాడు. నా నెత్తి మీద వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. తర్వాత ఎర్ర సోఫాలో కూర్చోబెట్టారు. ఎదురుగా మెట్ల మీద జనం. యాంకరమ్మాయి మంచిదే, నా బదులు చాలాసేపు తనే మాట్లాడింది. నేను తలూపుతూ పోయాను. తర్వాత పెద్ద తెర మీద ఆ సీను వేశారు. సైకిలు, గోతి, నేను, ఆ మాట. జనం ఈలలు వేశారు. అప్పుడు ఆ అమ్మాయి మైకు నా దగ్గర పెట్టి, మా అందరి కోసం ఒక్కసారి అంది. నువ్వు చెప్పినట్టే జరిగింది.

నీ ఉత్తరం గుర్తుంది. అది నీది కాదు అని నువ్వు రాసింది నిజమే. నేనెప్పుడూ కాదనలేదు. కానీ అక్కా, తెర మీద నా మొహమే ఉంది, అందరూ నా వైపే చూస్తున్నారు. ఒక్కసారి చెబితే నాదవుతుందేమో అనిపించింది. "నే" దగ్గర ఆగిపోయాను. ఎంతసేపో నాకు తెలీదు. తర్వాత టీవీలో చూస్తూ మా ఓనరు గడియారం పెట్టాడు, నలభై సెకండ్లట. యాంకరమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎలాంటివో నీకు చెప్పక్కర్లేదు. ఆ ముక్క తీసేస్తారనుకున్నాను. తీయలేదు సరికదా, ప్రోగ్రాం రేపు వస్తుందనగా దాన్నే పదిసార్లు వేశారు.

ఇప్పుడు షాపులోకి వచ్చేవాళ్ళు నాతో నెమ్మదిగా, గట్టిగా మాట్లాడుతున్నారు, నాకేదో చెవుడున్నట్టు.

ఇంకో సంగతి. మొన్న ఒక అమ్మాయి షాపుకొచ్చింది. కళ్ళజోడు కోసం కాదు. తను డైరెక్టరట, మొదటి సినిమా తీస్తోందట, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఓనరు ఆమెని నా గదిలో స్టూలు మీద కూర్చోబెట్టాడు, నేను నిలబడ్డాను. కథ చెప్పింది. ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్. గేటు ముందు ఒక కారు ఒక మనిషిని గుద్దేసి పోతుంది. చూసింది ఇతనొక్కడే. కోర్టుకి వెళ్ళి చెప్పాలి. ఇతనికి నత్తి. ఆ వేషం నన్ను వేయమంది. టీవీలో చూశాను, మీరు ఆగిపోయారు గానీ లేచి వెళ్ళిపోలేదు, అంది.

 ఆలోచించుకోమని నంబరు ఇచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళయింది నేను సినిమా కెమెరా ముందు నిలబడి. నీకేమనిపిస్తోంది?

తమ్ముడు

*

మార్చి 22

తమ్ముడూ,

చూశాను. ఇంట్లో అందరం కూర్చుని చూశాం. నీ మేనకోడలు లేచి లోపలికి వెళ్ళిపోయింది. మీ బావ టీవీ కట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నీది కాని మాట నిన్ను అడగడమేమిటి? మర్నాడు ఆఫీసులో కూర్చుని ఛానల్‌కి ఉత్తరం రాశాను. ఆ గొంతు నీది కాదని, పదకొండు సినిమాల్లోనూ నీకు మాట చెప్పింది నేనని, నీకు చిన్నప్పట్నుంచీ నత్తి ఉందని, అది తెలిసి కూడా ఒక మనిషిని అంతమంది ముందు అలా కూర్చోబెట్టడం తప్పని. వాళ్ళ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అదే ఉత్తరం పేపరుకి పంపాను. వాళ్ళు మాత్రం మనిషిని పంపి వివరాలన్నీ అడిగి రాసుకున్నారు. ఫోటో కూడా తీసుకున్నారు. నీ తరఫున అడిగేవాళ్ళు ఒకరున్నారని వాళ్ళకి తెలియాలి.

ఇక ఆ డైరెక్టరు అమ్మాయి. ఆవిడ టీవీలో ఏం చూసి వచ్చిందో నువ్వే రాశావు. నలభై సెకండ్లు. ఛానల్ వాళ్ళు ఊరికే చూపించారు, ఈవిడ టిక్కెట్టు పెట్టి చూపిస్తుంది. అంతే తేడా. నా మాట విని వద్దను. నీకు చక్కని పని ఉంది, నీ గది నీకుంది.

ఎండలు ముదురుతున్నాయి. ఆ మిషను దగ్గర గాలి ఆడుతుందా?

అక్క

*

ఏప్రిల్ 2

అక్కకి,

పేపరు అందింది. నువ్వు పంపలేదు, ఓనరు తెచ్చాడు. షాపులో ఇద్దరు కస్టమర్లుండగా పైకి చదివాడు. "ఆ గొంతు నాది" అని పెద్ద అక్షరాలు. కింద నీ ఫోటో. బాగానే పడ్డావు.

ఇన్నేళ్ళూ టైటిల్స్‌లో నీ పేరు లేదు. అది అన్యాయమే. నాకు తెలుసు, తెలిసీ ఎప్పుడూ నోరెత్తలేదు. నీకు పేరు కావాలనిపిస్తే నాకు ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. నేనే ఆ సోఫాలో కూర్చుని చెప్పేవాడిని, ఎంతసేపు పట్టినా. నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళందరితో నా బదులు కూడా నువ్వే మాట్లాడావు. అప్పుడూ నన్ను అడగలేదు.

నాకు నత్తి ఉందని ఇప్పుడు ఊరంతటికీ అచ్చులో తెలుసు.

నేను ఆ సినిమాకి ఒప్పుకున్నాను. నీ ఉత్తరం రాకముందే ఒప్పుకున్నాను, పేపరు చూసి కాదు. పేపరు వల్ల జరిగింది ఇంకొకటి. దానికి డబ్బు పెడుతున్నాయన అది చదివి, అయితే ఈయనకి వేరే ఎవరిచేతనైనా గొంతు చెప్పిద్దాం, నత్తిని కూడా అందంగా పలికేవాళ్ళున్నారు, ఆయనకి అలవాటే కదా అన్నాడట. డైరెక్టరు అమ్మాయి వాదిస్తోంది. ఏమవుతుందో చూడాలి.

దీనికి జవాబు రాయక్కర్లేదు.

*

ఏప్రిల్ 11

తమ్ముడూ,

రాయక్కర్లేదన్నావు గానీ రాయకుండా ఉండలేను. కోపంతో పక్కన పడేసినా సరే, ఎప్పుడో ఒకప్పుడు చదువు.

నీకు తెలియనిది, నేనెవరికీ చెప్పనిది ఒకటుంది. మొదటి సినిమా అప్పుడు నీకు ఆరేళ్ళు, నాకు పదకొండు. నాన్న సెట్లోకి తను కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్తూ నిన్ను వెంట తీసుకెళ్ళాడు, పెద్ద డైరెక్టరుగారు చూసి ఆ పిల్లాడు కావాలన్నారు. అక్కడి దాకా నీకూ తెలుసు. షూటింగ్ అంతా నువ్వే మాట్లాడావు. ఆగేవాడివి. ఆగి, చెప్పేవాడివి. ఎవరైనా ఆగితే చెప్పేవాడివి. తర్వాత రికార్డింగ్ థియేటర్లో, వీడు మాట చెప్పేసరికి తెల్లారుతుంది అని డైరెక్టరుగారు విసుక్కున్నారు. నాన్న వెంటనే, మా అమ్మాయి చెబుతుందండీ, ఇద్దరిదీ ఒకటే గొంతు అన్నాడు. నన్ను బడి నుంచి యూనిఫాం మీదే తీసుకొచ్చాడు.

మైకు అందక స్టూలు మీద నిలబెట్టారు. చీకటి గది, ఎదురుగా తెర, ఒక్కో ముక్క మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. నీ పెదాలు ఎక్కడ కదులుతాయో, ఎక్కడ ఊపిరి తీసుకుంటావో చూసి కలపాలి. నేను బాగా చెప్పానురా. నాకు చాలా బాగుంది. డైరెక్టరుగారు నెత్తి మీద చెయ్యి పెట్టి మెచ్చుకున్నారు. నువ్వు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నావన్నది నాకు గుర్తు కూడా రాలేదు.

తర్వాత సినిమా వచ్చింది. మనందరం వెళ్ళాం. నువ్వు నాన్నకీ నాకూ మధ్య కూర్చున్నావు. తెర మీద నువ్వు నోరు తెరవగానే నా గొంతు వచ్చింది. నా వైపు ఒక్కసారి చూసి మళ్ళీ తెర వైపు తిరిగావు. ఇంటికొచ్చాక నువ్వు మాట్లాడటం మానేశావు. పంతొమ్మిది రోజులు. నేను క్యాలెండరు మీద గీతలు పెట్టాను. మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టేసరికి ఇదివరకు చిన్న తడబాటుగా ఉన్నది నత్తి అయింది.

నీ నత్తి నేను పెట్టిందే. పేరు కావాలని నేనెప్పుడూ అడగలేదంటే మంచితనం కాదు. ఎత్తుకొచ్చిన వస్తువు మీద ఎవరైనా తన పేరు రాసుకుంటారా? అది నీది కాదు, నీ నెత్తిన వేసుకోకు అని రాశానే, ఆ తప్పు నీది కాదు, నాది అని నా ఉద్దేశం. నువ్వు ఇంకోలా చదివావని మార్చిలో నీ ఉత్తరం చూసినా నాకు తట్టలేదు, నా కోపంలో నేనున్నాను.

ఆ పేపరు ఆఫీసుకి వెళ్ళాను. ఆ పెద్ద అక్షరాలు నేను రాసినవి కావు, సవరణ వేయండి అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు కదమ్మా అన్నారు. నిజమే, లేదు.

ఇంకోటి కూడా చేశాను, దీనికీ తిడతావేమో. ఆ డైరెక్టరు అమ్మాయి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆ గొంతు మీద ఇంకెవరినీ మాట్లాడనివ్వకమ్మా, ఒకసారి అయింది చాలు అన్నాను. నేను కూడా అదే అంటున్నానండీ అంది. మళ్ళీ నిన్ను అడక్కుండానే చేశాను. ఈసారి కనీసం చెబుతున్నాను.

నాన్న పోయినప్పుడు నీ బదులు మాట్లాడింది నీకు ఇబ్బంది తప్పిద్దామనే. నువ్వు మాట్లాడాలనుకుంటున్నావేమో అన్నది నాకు తోచలేదు.

అక్క

*

జూన్ 18

అక్కా,

రెండు నెలలు జవాబు రాయలేదు, తిట్టుకో. కోపంతో కాదు. షూటింగ్ ముప్పై రోజులు, ఆ తర్వాత రికార్డింగ్, మధ్యలో షాపు. ఓనరు సెలవులిచ్చాడు గానీ లెన్సులు ఎవరికీ ఇవ్వకుండా పేర్చి ఉంచాడు. ఆదివారాలు కూర్చుని అరగదీశాను.

ముందు ఆ పంతొమ్మిది రోజుల సంగతి. అక్కా, నువ్వు ఇన్నేళ్ళు అలా అనుకుంటూ బతికావని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాడిని. నాకు బాగా గుర్తుంది. తెర మీద నా నోట్లోంచి అంత చక్కగా మాట రావడం చూసి, అది నాదే అనుకున్నాను. సినిమా వాళ్ళు ఏదో చేసి నాకు మాట బాగుచేశారనుకున్నాను. నీ వైపు చూసింది, విన్నావా అని. ఇంటికొచ్చాక నోరు ఎందుకు తెరవలేదంటే, పాత మాట వస్తే కొత్తది పాడైపోతుందేమో అని. దాచుకున్నాను. ఎన్నాళ్ళు దాస్తే అంత గట్టిపడుతుంది అనుకున్నాను. ఇరవయ్యో రోజు నీళ్ళు కావాలని అడగబోయాను, పాతదే వచ్చింది. ఆ రోజు ఏడ్చాను, నిజమే. కానీ నీ మీద కాదు.

నత్తి నువ్వు పెట్టింది కూడా కాదు. నాకు నాలుగేళ్ళప్పుడే అమ్మ నన్ను వీధి చివర కొట్టుకి చీటీ రాసిచ్చి పంపేది, నోటితో చెప్పలేనని. నువ్వప్పుడు బడిలో ఉండేదానివి, నీకెలా తెలుస్తుంది. అప్పట్లో నాకింకా సిగ్గు తెలీదు కాబట్టి చిన్నగా కనబడి ఉంటుంది. నువ్వు లెక్కపెట్టిన గీతలు తుడిచెయ్.

ఇక సినిమా. కోర్టు సీను రెండు రోజులు తీశారు. జడ్జి వేషం వేసినాయన నిజంగానే రిటైరైన ప్లీడరు. నేను ఆగినప్పుడల్లా ఆయన పెన్ను కింద పెట్టి ఆగేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదట, కోర్టులో అలాగే చేస్తారండీ అన్నాడు. మొదటి రోజు అన్నీ సక్రమంగా జరిగాయి, అంటే నా మాట ఆగాల్సినట్టు ఆగింది. రెండో రోజు విను. లైట్లు, జనం, అందరూ సిద్ధం. యాక్షన్ అంది. నేను నాలుగు వాక్యాలు గడగడా చెప్పేశాను. ఒక్కచోట కూడా తడబడలేదు. డైరెక్టరు అమ్మాయి బిక్కమొహం వేసింది. ఇంకోసారి అంది. మళ్ళీ గడగడా. నలభై ఏళ్ళలో నత్తి కావాల్సింది ఆ ఒక్క రోజు, ఆ రోజే పెళ్ళికొడుకులా ముస్తాబై ఎటో పోయింది. కొంచెం ఆగినట్టు నటించండి అంది. నటించాను. అందరికీ నవ్వొచ్చింది, నాకు కూడా. నాకు నత్తి నటించడం రాదని అప్పుడు తెలిసింది, ఆ ఒక్కటీ తప్ప మిగిలినవన్నీ వచ్చు. మధ్యాహ్నం ప్లీడరుగారు టీ తాగుతూ, నా పేరు అడిగాడు. పేరు దగ్గర ఆగిపోయాను. రండి రండి, వచ్చేసింది అని అందరూ పరుగెత్తుకొచ్చారు.

తర్వాత రికార్డింగ్. వేరే గొంతు వద్దని ఆ అమ్మాయి పట్టుబట్టి గెలిచింది. నీ ఫోను సంగతి నాతో చెప్పింది. తిట్టను. గేటు దగ్గర సీన్లలో రోడ్డు మోత ఎక్కువగా పడింది, వాటికి మాట మళ్ళీ చెప్పాలి. ఇప్పుడా మైకులు కిందికే ఉంటాయి, స్టూలక్కర్లేదు. తెర మీద నేను, ఇక్కడ నేను. వచ్చిన చిక్కేమిటంటే, తెర మీది వాడు ఒకచోట ఆగుతాడు, నేను ఇంకోచోట ఆగుతాను. నా పెదాలకి నా మాట కలవదు. పూటలో అయ్యే పనికి నాలుగు రోజులు పట్టింది. మాట మీద దృష్టి పెడితే తప్పిపోయేది. చివరికి వాడి ఊపిరి చూడటం మొదలుపెట్టాను. ఎక్కడ ఛాతీ ఎగురుతుందో అక్కడ పట్టుకుంటే కొంచెం కొంచెం కలిసింది. ఊపిరి చూసి కలపాలని నువ్వు రాశావు కదా.

అక్కా, పదకొండేళ్ళ పిల్లవి. ఆగిన చోటల్లా పెదాలు మూసుకుని వణుకుతున్న మొహానికి మాట అతికించి, ఆ వణుకు అల్లరిలా కనబడేటట్టు చేశావు. జనం ముచ్చటపడింది దానికే. ఎత్తుకుపోయానంటావేమిటి. ఆ పని ఎంతటిదో నా సినిమాకి నేనే చెప్పుకోవాల్సి వచ్చేదాకా నాకు తెలీదు. ఏప్రిల్‌లో పేరు గురించి రాసిన ఉత్తరం ఉంటే చింపెయ్. రాసేటప్పుడే అది సరైంది కాదని తెలుసు, అయినా రాశాను.

కోర్టు సీన్లకి మాత్రం ఆ రోజు అక్కడ పడిన గొంతే ఉంచేశారు.

నీ తమ్ముడు

*

జూలై 1

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మీ బావకి ఇచ్చాను. ఆయన చదివి, నీళ్ళు తాగి, వీడు బాగా రాస్తాడే అన్నాడు. అంతకంటే ఆయన అనడు.

 ముప్పై నాలుగేళ్ళ బరువు దించేసుకున్నాక మెడ అటూ ఇటూ తిప్పడానికి కూడా కొత్తగా ఉంది. ఏప్రిల్ ఉత్తరం చింపలేదు. అందులో నాన్న పోయినప్పటి మాట సరైందే, అది ఉండనీ.

నీ మేనకోడలు పాసైంది. ఎలాగో నాకు తెలీదు.

అక్క

*

అక్టోబర్ 12

అక్కా,

సినిమా ఈ నెలాఖరున వస్తోంది. చిన్న హాళ్ళు, రోజుకి ఒక్క ఆట. మీ దగ్గర ఆ పాత బస్టాండ్ వెనక హాల్లో వేస్తారట. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను, మొదటి వారంలోనే చూడు.

ఇంకో రెండు వేషాలు వచ్చాయి. ఒకటి హీరో పక్కన నత్తివాడు, వాడు మాట్లాడినప్పుడల్లా జనం నవ్వాలి. వద్దన్నాను, నోటితోనే వద్దన్నాను, కొంచెం టైం పట్టింది. రెండోది పోస్ట్‌మాస్టరు. నత్తి గురించి కథలో ఏమీ లేదు, మరి నేను మాట్లాడితే ఎలా అంటే, పోస్ట్‌మాస్టర్లకి ఉండకూడదా అన్నారు. అది చేస్తున్నాను. షాపు మానలేదు. ఓనరు నా గదికి ఫ్యాను పెట్టించాడు.

ఒక్క కోరిక. చూశాక ఎలా ఉందో దాచకుండా రాయి. బాగాలేకపోతే బాగాలేదనే రాయి.

తమ్ముడు

*

నవంబర్ 3

తమ్ముడూ,

చూశాను. మధ్యాహ్నం ఆటకి, స్కూల్లో సెలవు పెట్టి. మీ బావని, పిల్లని తర్వాత చూడమన్నాను, ఒక్కదాన్నే వెళ్ళాను. హాల్లో ముప్పై మంది ఉంటారేమో. నా వెనక ఇద్దరు ఆడవాళ్ళు మొదట్లో వాళ్ళ కోడళ్ళ సంగతులు చెప్పుకుంటూనే ఉన్నారు. కారు గుద్దిన తర్వాత ఆపేశారు.

దాచకుండా రాయమన్నావు. మొదటి అరగంట నాకు సినిమా ఏమీ కనబడలేదు. నీ మాట ఆగిన ప్రతిసారీ తర్వాతి ముక్క నా నోట్లో తయారుగా ఉంటోంది. అలవాటు ఎక్కడికి పోతుంది. పెదాలు బిగించుకుని కూర్చున్నాను. గేటు సీన్లో ఒకచోట మాట కొంచెం ముందు పడింది, పెదాలు వెనక వచ్చాయి. ఎవరికీ తెలీదు, నాకు తెలుస్తుంది కదా. మధ్యలో ఆ ఇంటావిడతో దెబ్బలాట అనవసరం, సాగదీశారు. నీ చొక్కా భుజం దగ్గర సరిగ్గా లేదు. నాన్న ఉంటే ఊరుకునేవాడు కాదు.

కోర్టు సీను వచ్చింది. ప్లీడరుగారు పెన్ను కింద పెట్టాడు. నువ్వు ఆగావు. హాలంతా ఆగింది, వెనక ఆడవాళ్ళు కూడా. తర్వాత, నేను చూశానండీ, అన్నావు.

 అది నాన్న గొంతురా. మనల్ని కేకలేసే గొంతు కాదు. టేపు మెడలో వేసుకుని కొలతలు తీసుకుంటూ, చెయ్యి కొంచెం ఎత్తండి, ఆ, చాలు, అనేవాడు చూడు, ఎదుటివాడికి గుడ్డ తగులుతుందో లేదో అన్నంత మెత్తగా. అచ్చం అదే. అడుగున కొంచెం గరుకుతో సహా అదే. చూస్తే తెర మీద నువ్వు. వినిపించేది నాన్న. ఇద్దరిదీ ఒకటే గొంతు అని నా గురించి చెప్పాడు గానీ, నీ గొంతు తన గొంతేనని ఆయనకీ తెలీదు.

ఈ సంగతి నీకెవరైనా ఇదివరకు చెప్పారో లేదో. నేనైతే చెప్పలేదు, వింటే కదా చెప్పడానికి. చిన్నప్పట్నుంచీ నువ్వు నోరు తెరిచినప్పుడల్లా మాట ఎక్కడ ఆగుతుందా, ఎక్కడ అందుకుందామా అని నీ పెదాల వైపు చూస్తూ గడిపాను. నీ గొంతు ఎలా ఉంటుందో నలభై ఏళ్ళు వినలేదు.

వచ్చే ఆదివారం పొద్దున్నే బయల్దేరి నీ దగ్గరికి వస్తున్నాను. ఒక్కదాన్నే. ఆ పోస్ట్‌మాస్టరు కథేమిటో నువ్వే చెప్పాలి, మొదట్నుంచి చివరిదాకా. తిరుగు బండి సాయంత్రం ఏడింటికి. నాకు తొందరేమీ లేదు.

అక్క